ఎనిమిదో స్ప్రింక్లర్ దాకా: గోరుచిక్కుడు పొడితో కల్లూరు నుంచి మంగంపేటకు

పైపుల్లో నీళ్లు ఎలా పారతాయో పాలిటెక్నిక్ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. ఆ పాఠంలో అందరూ తిప్పేసే పేజీ ఒకటి ఉంటుంది. పైపులో వేగంగా పోయే నీళ్లు తిన్నగా పోవు, సుడులు తిరుగుతూ పోతాయి. మోటారు బలంలో చాలా భాగం ఆ సుడులకే ఖర్చయిపోతుంది. ఆ నీళ్లలో కొద్దిగా జిగురు కలిపితే, జిగురులోని పొడవాటి పోగుల్లాంటి అణువులు సుడులను అణుస్తాయి. రాపిడి తగ్గుతుంది, అదే మోటారుతో ఎక్కువ నీళ్లు ఎక్కువ దూరం పోతాయి. ముడిచమురు పైపులైన్లలో ఇది మామూలు పనే. మా దగ్గర మాత్రం ఐదు మార్కుల ప్రశ్న. ఇన్నేళ్లూ ఆ ఐదు మార్కులు వేస్తూ వచ్చానే తప్ప, ఆ సంగతిని ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. ఒడ్డున కూర్చుని ఈత నేర్పే పంతులమ్మను నేను.

మొన్న మార్చిలో ఒక గురువారం రమీజా ఫోన్ చేసింది. నాలుగేళ్ల కిందట నా దగ్గర చదువుకున్న పిల్ల. రాజంపేటలో వాళ్ల నాన్నకు టైలరింగ్ షాపుంది. ఇప్పుడు మంగంపేట దగ్గర ఒక ముగ్గురాయి యార్డులో సూపర్‌వైజర్. పుస్తకాల్లో బెరైటీస్ అని రాసే ఈ రాయిని అక్కడ అందరూ ముగ్గురాయి అనే అంటారు. గని నుంచి వచ్చిన రాయిని యార్డులో కుప్పలు పోసి, ఏరి, మిల్లుకు పంపుతారు. దుమ్ము లేవకుండా కుప్పల పొడుగునా కిలోమీటరు దూరం మూడంగుళాల పైపు వేసి, ఎనిమిది స్ప్రింక్లర్లు పెట్టారు. రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున నీళ్లు కొడతారు. ఆరోదాని దాకా నీళ్లు బాగానే ఎగురుతాయి. ఏడోది కునుకు తీస్తుంది. ఎనిమిదోది పూర్తిగా నిద్ర.

"మేడం, మీరు క్లాసులో చెప్పిన జిగురు కిటుకే ఈడ చేస్తాండాం. గోరుచిక్కుడు గింజల పొడి కలిపినాం. మొదటిసారి ఎనిమిదోది కూడా లేసింది, నేనైతే ఎగిరి గంతేసినా. రెండోసారి తగ్గింది. మూడోసారి అసలు రాలే. శనివారం సాయంత్రం దాకా టైమిచ్చినాడు ఓనరు. అప్పటికీ లేయకుంటే సోమవారం ఆరో స్ప్రింక్లర్ కాడ పైపు కోసి మూతేస్తాడంట. లారీలు పోయేది ఆరోదాని దాకానే కదా, చివర్న ఎవురికి కావాల అంటాడు. ఆ చివర్లోనే మేడం పన్నెండు మంది ఆడోళ్లు కూర్చుని రాయి ఏరేది."

అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. నేను క్యాలెండర్ చూశాను. శనివారం నాకు క్లాసుల్లేవు. "మెత్తటి పొడి దొరికితే రెండు కిలోలు తెండి మేడం" అంది చివర్లో. కర్నూలులో ఐస్‌క్రీమ్ తయారుచేసేవాళ్లకు సరుకులమ్మే అంగట్లో దొరికింది. మన మెట్ట పొలాల్లో పండే గోరుచిక్కుడు గింజే, దంచితే మైదా కంటే మెత్తగా ఉంటుంది.

శనివారం ఉదయం నాలుగున్నరకు కల్లూరులో షేర్ ఆటో ఎక్కాను. కర్నూలు బస్టాండుకు ఇరవై రూపాయలు. ఐదుంబావుకు కడప ఎక్స్‌ప్రెస్ ఉంది. ఆడవాళ్లకు ఇప్పుడు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, టికెట్ డబ్బులుండవు. మగవాళ్లయితే మూడు వందల పైచిలుకు పెట్టుకోవాలి. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు ఐదు గంటలు తక్కువ కాకుండా పడుతుంది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, నంద్యాల దాటాక నల్లమల కొండలు చాలాసేపు మీతోనే వస్తాయి. నా ఒళ్లోని సంచిని కండక్టర్ చూసీ చూడనట్టు చూస్తూ వచ్చాడు. నంద్యాల వచ్చేసరికి ఇక ఉండలేకపోయాడు.

"ఏం మేడం, ఆ తెల్ల పొడి ఏంది?"

"గోరుచిక్కుడు పిండి."

"వడలు చేస్తారా?"

"కాదండీ. నీళ్లలో కలిపితే పైపులో నీళ్లు తొందరగా పోతాయి."

ఆయన డ్రైవర్ వైపు తిరిగి గట్టిగా అన్నాడు, "విన్యావా అన్నా? మా ఊర్లో పైపులో నీళ్లు వచ్చేదే గగనం. ఈ మేడమ్మ అవి తొందరగా పొయ్యేదానికి పిండి తీసకపోతాంది!"

ముందు వరుసల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కరువు సీమలో ఆ మాటకు బదులు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

నంద్యాల బస్టాండులో పదిహేను నిమిషాలు ఆపుతారు. అక్కడ ఉగ్గాని తినకుండా బస్సెక్కితే పాపం. నానబెట్టిన బొరుగుల్లో ఉల్లిపాయ, పుట్నాల పొడి వేసి తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీలు రెండు పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. బజ్జీ కొరికి, "శానా కారంగా ఉంది కదప్పా!" అంటే, గరిటె పట్టుకున్న పెద్దాయన తలెత్తకుండానే, "ఉగ్గాని తిని బజ్జీ ఈడ పెట్టిపో తల్లీ, తినేవాళ్లు శానామంది ఉండారు" అన్నాడు. పౌరుషం కొద్దీ రెండూ తిన్నాను. ఆళ్లగడ్డ దాకా నాలుక మండుతూనే ఉంది.

కడపలో పదిన్నరకు దిగి, పదకొండుకు రైల్వేకోడూరు బస్సు పట్టుకున్నాను. రాజంపేట మీదుగా రెండు గంటల దారి. నందలూరు దగ్గర చెయ్యేరు వంతెన మీద నుంచి చూస్తే అంతా ఇసుకే కనిపిస్తుంది. కోడూరు దగ్గర పడేకొద్దీ మామిడి, అరటి, బొప్పాయి తోటలు మొదలై కళ్లు చల్లబడతాయి. కోడూరులో దిగి ఆటో మాట్లాడుకుంటే మంగంపేటకు నూటయాభై, షేర్ అయితే ముప్పై. పచ్చని తోటల పక్కనే ఉన్నట్టుండి లేత బూడిద రంగు కొండలు మొదలవుతాయి. అవి కొండలు కావు, తవ్వి పోసిన మట్టి దిబ్బలు. ఆటో డ్రైవర్ దారి పక్కన ఆపి గుప్పెడంత రాయి తీసి నా చేతిలో పెట్టాడు. చెయ్యి ఒక్కసారిగా కిందికి జారింది.

"అంతే గదా! చూసేదానికి ఇంతే, మోసేదానికి అంత. నూనె బావులు తవ్వేకాడ దీన్ని పొడిచేసి పోస్తారంట. మా ఊరి రాయి ఏ దేశమో పోతాది, మేము కోడూరు దాటము" అని నవ్వాడు.

ఒంటిగంటన్నరకు యార్డు గేటు ముందు దిగాను. రమీజా ఎదురొచ్చి చేతిలో సంచి లాక్కుంది. నెత్తిన పసుపు హెల్మెట్, భుజాన చున్నీ, బూట్ల నిండా తెల్ల దుమ్ము. క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని గోళ్లు కొరికే పిల్ల ఇక్కడ నడుస్తుంటే లారీ డ్రైవర్లు పక్కకు జరుగుతున్నారు. గర్వపడ్డాను, చెప్పుకోవడానికి సిగ్గెందుకు!

ముందు నన్ను పైపు చివరికి తీసుకెళ్లింది. ఆరో స్ప్రింక్లర్ దాకా నేల తడిగా, రంగు ముదిరి ఉంది. అక్కణ్నుంచి అడుగు వేస్తే దుమ్ము చీలమండల దాకా లేస్తుంది. ఏడుకూ ఎనిమిదికీ మధ్య పన్నెండు మంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని, తెల్లరాయి ఒక పక్కకు, నల్లమట్టి అంటినది ఒక పక్కకు ఏరుతున్నారు. అందరి ముఖాలకూ కళ్లు తప్ప ఏమీ కనబడకుండా గుడ్డలు చుట్టుకున్నారు. వాళ్లలో పెద్దావిడ చెంగమ్మ. తొమ్మిదేళ్లుగా అక్కడే కూర్చుంటోందట.

"నువ్వేనామ్మా రమీజమ్మకు చదువు చెప్పింది?" అంది గుడ్డ లోపల్నుంచి.

"నేనే."

"బాగా చెప్పినావులే. ఆ పొద్దు మొదటిసారి నీళ్లు ఈడికి వచ్చినప్పుడు మేమంతా పని ఇడిసిపెట్టి తడిసినాము. ఇంటికి పోతే నా మనవరాలు నన్ను పిండవ్వా అంటాది. ఒళ్లంతా ఇట్ల పిండి పూసుకుని పోతా గదా, అందుకు. ఆ పొద్దు మాత్రం అవ్వా అనింది." ఒక రాయి తీసి పక్కకు వేసింది. "పైపు కోస్తారంట గదా సోమారం?"

"ఎవరూ కోయరు" అన్నాను. ఎప్పుడూ చూడని పని మీద మాట ఇచ్చేశాను.

మోటారు షెడ్డులో మస్తాన్ ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా ఇదే పంపు పని. రమీజా ఆయన్ని చాచా అంటుంది. షెడ్డు పక్కన ఆరు వేల లీటర్ల సిమెంటు తొట్టి, దాని గట్టున నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. డ్రమ్ములో చిక్కగా జిగురు కలిపి, దాన్ని తొట్టిలో పోసి కలియబెట్టి, మోటారు వేస్తారు. డ్రమ్ము మూత మీద మస్తాన్ తడిగుడ్డ కప్పి పెట్టాడు, పెళ్లివారింట గంగాళాలకు కప్పినట్టు.

"నిన్న మధ్యాన్నమే కలిపి పెట్టినా మేడం. మీరొస్తాండారని ఇంకా శ్రద్ధగా చేసినా" అన్నాడు.

ఆ శ్రద్ధకు మెచ్చుకుని, సరే కానివ్వండి అన్నాను. డ్రమ్ములోది తొట్టిలో పడింది. మోటారు గుర్రుమంది. రమీజా, నేను పైపు వెంట పరుగులాంటి నడక నడిచాం. ఒకటి లేచింది, రెండు, మూడు. ఆరు బాగానే లేచింది. ఏడు జానెడెత్తు లేచి కూలబడింది. ఎనిమిదోది రెండు చుక్కలు కార్చి ఊరుకుంది. చెంగమ్మ మా వైపు చూసి, మళ్లీ రాళ్ల మీదికి వంగింది.

ఇక చూడాలి నా వీరంగం. షెడ్డులో స్టూలు మీద కూర్చుని కాగితం తీశాను. పైపు పొడవు, వ్యాసం, వంపులు, వాల్వులు అన్నీ రాశాను. నాలుగో వంపు దగ్గర ఒత్తిడి నష్టం ఎక్కువుందన్నాను. కాసేపయ్యాక, తొట్టి అడుగున మోటారు నీళ్లు పీల్చే చోట ఉండే ఫుట్‌వాల్వు మీద అనుమానం అన్నాను. మస్తాన్ పాపం ఫుట్‌వాల్వు పైకి లాగి, కడిగి, మళ్లీ దించాడు. అది అద్దంలా ఉంది. మోటారు రెక్కలు జిగురు అణువులను తుంచేస్తున్నాయేమోనన్నాను. "మరి మొదటిసారి తుంచలేదెందుకు మేడం? మోటారు అదే కదా" అంది రమీజా మెల్లగా. మా క్లాసులో అయితే, మంచి ప్రశ్న, ఇంటి దగ్గర ఆలోచించి రా అనేదాన్ని.

"నేనేం తక్కువ చేయలేదు మేడం" అన్నాడు మస్తాన్. ఆయన ముఖం చూడలేకపోయాను. తప్పు తనదే అవుతుందేమోనని మనిషి నలిగిపోతున్నాడు.

అప్పుడొచ్చింది ఓబులమ్మ. యార్డు మెస్సులో వంట ఆమెదే. మూడైనా మేం తిండికి రాలేదని తిట్టుకుంటూ, సంగటి ముద్దలు, శనక్కాయల ఊరిబిండి పచ్చడి, మజ్జిగ చెంబు గంపలో పెట్టుకుని షెడ్డుకే తెచ్చేసింది. గంప డ్రమ్ము పక్కన దించబోయి ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. డ్రమ్ములోకి వంగి మళ్లీ ఎగబీల్చింది. అడుగున మిగిలిన దాంట్లో వేలు ముంచి పైకెత్తి చూసింది. వేలి మీద నుంచి అది పలచటి మజ్జిగలా టపటపా రాలింది.

"ఎవురప్పా దీన్ని ఇంతగా పులవబెట్టింది?"

మస్తాన్ ముఖం వెలిగింది. "నేనే ఓబులమ్మా. ఊరికే కలపలే. మొదటిసారి శానా బాగా కుదిరింది గదా, ఆ మంచిది పోగొట్టుకోవడమెందుకని అడుగున రెండు చెంబులు ఉంచినా. అంబలికి పాత అంబలి ఉంచమా, పాలకు తోడు పెట్టమా, అట్ల. దాంట్లోనే కొత్తది కలిపి ఒక రోజంతా మాగనిస్తా. ప్రతిసారీ తోడు ఉంచుకుంటానే ఉండా."

రమీజా నా వైపు చూసింది, నేను రమీజా వైపు చూశాను. ఆ జిగురు తిండి వస్తువు. మార్చి ఎండకు ఒక రోజు ఉంచితేనే పులిసి చెడుతుంది. దానికి తోడు కూడా పెడితే! లోపల పెరిగిన సూక్ష్మజీవులు ఆ పొడవాటి పోగులను విందుభోజనంలా తినేశాయి. సుడులను అణచే పోగులే లేనప్పుడు తొట్టిలో ఉన్నవి వట్టి పులిసిన నీళ్లే. మొదటిసారి డ్రమ్ము కొత్తది, జిగురు అప్పటికప్పుడు కలిపింది, అందుకే పని చేసింది. తర్వాత ఒక్కోసారికీ ఇంకా బలమైన తోడు. మస్తాన్ ఎంత శ్రద్ధ పెడితే అంత చెడింది.

విషయం చెప్పగానే ఆయన నెత్తి పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. "అల్లా! అంబలి అనుకుంటి గదా మేడం!"

"ఆ పొద్దే నన్ను పిలిచి రుచి చూపించుంటే ఈ గోలంతా ఉండేదా?" అంది ఓబులమ్మ. దాంతో నవ్వు ఆగలేదు. రమీజా గోడకు ఆనుకుని నవ్వింది, నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, చివరికి మస్తాన్ కూడా భుజాలు ఎగరేస్తూ నవ్వాడు. ఇరవై రెండేళ్ల పాఠం, రెండు పేజీల లెక్క, వీటన్నిటికంటే ఓబులమ్మ ముక్కు గొప్పది. ఆ ముక్కుకు దండం పెట్టి ఊరిబిండితో సంగటి తిన్నాను. ఆ రుచి గురించి రాయాలంటే ఇంకో పేజీ పడుతుంది.

తొట్టిని ఖాళీ చేసి బ్లీచింగ్ వేసి కడిగాం. డ్రమ్మును ఓబులమ్మ వేణ్నీళ్లతో మూడుసార్లు తోమించింది. మస్తాన్ ఎంత కసిగా తోమాడంటే నీలం రంగు వెలిసిపోతుందేమో అనిపించింది. మంచినీళ్లు పట్టి, నేను తెచ్చిన పొడి సంచి విప్పి, గుప్పెడు తీసి పోశాను. పోసినది పోసినట్టే ఉండలు కట్టింది. పైన జిగురు, లోపల పొడి పిండి. యార్డు వాళ్లకు ముగ్గురాయి పొడిని బస్తా బస్తాగా నీళ్లలో దిమ్మరించడం అలవాటు, బరువుకు అదే మునుగుతుంది. ఇన్నాళ్లూ వాళ్లు వాడిన ముతక పొడి ఎలాగో కలిసేది, ఈ మెత్తటిది అలా లొంగదు. సన్నగా రాలాలి. మళ్లీ గుప్పెడు తీస్తుంటే వెనక నుంచి ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. చెంగమ్మ. టీ వేళకు ఏమైందో చూద్దామని వచ్చింది.

"జరుగమ్మా. ఇట్ల పోస్తే యాడైనా కలుస్తాదా?"

కొంగు దోపి డ్రమ్ము పక్కన నిలబడింది. పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసుకుని, వాకిట్లో ముగ్గు వేసినట్టు సన్నని ధారగా రాల్చింది. మస్తాన్ సంగటి తెడ్డుతో నీళ్లను గిర్రున తిప్పుతూనే ఉన్నాడు. ఆ తిరిగే నీళ్ల మీద ఆమె చెయ్యి కూడా తిరిగింది. ఒక్క ఉండ కట్టలేదు. రెండు కిలోలు అలా రాల్చడానికి అరగంట పైనే పట్టింది. మధ్యలో రమీజా చెయ్యి మారుస్తానంటే, "నీది లావు గీత వస్తాది, ఉండు" అంది. తర్వాత ముప్పావుగంట నాననిచ్చాం. అంతకంటే ఒక్క నిమిషం ఎక్కువ ఉంచనివ్వలేదు ఓబులమ్మ. వేలు ముంచి ఎత్తితే ఈసారి తీగ సాగింది.

అయిదుంబావుకు తొట్టిలో పోశాం. మస్తాన్ మోటారు దగ్గర ఉండిపోయాడు, "నేను రానులే, ఫోన్ చేసి చెప్పండి" అన్నాడు. మేమంతా చివరికి నడిచాం. పన్నెండు మంది ఆడవాళ్లూ పని ఆపి లేచారు. ఓనర్ గారు ఆ రోజు తిరుపతిలో ఉన్నారు, రమీజా వీడియో కాల్ చేసి ఫోన్ ఎత్తి పట్టుకుంది. "ఏమ్మా, యాడ నీ ఎనిమిదోది?" అని అందులోంచి గొంతు వినబడింది.

దూరంగా మొదటిది లేచింది. ఒకదాని వెనక ఒకటి మా వైపు వస్తూ, ఐదు, ఆరు. ఏడోది ఒకసారి దగ్గి, నిటారుగా లేచి గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. పైపు మీద చెయ్యి పెట్టాను. చల్లగా, నిండుగా ఉంది. ఎనిమిదోది ముందు గాలి ఊదింది, తర్వాత తెల్లటి నురుగు కక్కింది, తర్వాత ఒక్క ఊపున పైకి లేచి మా అందరి నెత్తిన పడింది. నేను ఏడ్చాను. ఐదు మార్కుల ప్రశ్నకు ఏడ్చిన మొదటి పంతులమ్మను నేనే అయ్యుంటాను.

ఆడవాళ్ల అరుపులు, ఈలలు! రమీజా ఫోన్ మీద కూడా నీళ్లు పడి, ఓనర్ గారి ముఖం అందులో అలల్లో తేలినట్టు కనబడింది. "సరే సరే, కనపడతాంది. పైపు కోయొద్దులే" అన్నాడాయన. మస్తాన్‌కు ఫోన్ చేస్తే అవతల నుంచి ముక్కు చీదుకున్న శబ్దం వచ్చింది. చెంగమ్మ నీళ్ల కింద నిలబడి ముఖానికి చుట్టుకున్న గుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పింది. మధ్యాహ్నం నుంచి మాట్లాడుతున్న మనిషి ముఖాన్ని అప్పుడు చూశాను. నేననుకున్న దానికంటే చాలా చిన్నది, నా వయసే ఉంటుంది. పై పన్ను ఒకటి లేని నోటితో నవ్వుతూ, కళ్లు మూసుకుని, నోరు తెరిచి ఆ గాలి పీల్చింది.

ఆ రాత్రి రాజంపేటలో రమీజా వాళ్ల ఇంట్లో పడుకుని, మర్నాడు తీరిగ్గా కర్నూలు చేరాను. సోమవారం క్లాసులో ఆ పేజీ తెరిచాను. చూసి చెప్పడం వేరు, చదివి చెప్పడం వేరు అని ఇంత ఆలస్యంగా తెలిసినందుకు నాకేం బాధ లేదు. మన పక్కన ఉన్నవాళ్ల చేతుల్లో, ముక్కుల్లో ఎంత శాస్త్రం ఉందో అడిగి తెలుసుకోకపోవడమే ఇన్నాళ్ల లోటు. తోడు పెట్టడం మస్తాన్ తప్పు కాదు, మంచిని రేపటికి దాచుకోవాలనే మన సీమ మనసు అది. జిగురు మాత్రం ఏ పూటకాపూట కలుపుకోవలసిన వస్తువు. ఇప్పుడు రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి డ్రమ్ము కడిగి కొత్తగా కలుపుతున్నారు. చెంగమ్మ చెయ్యే రాలుస్తోంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. గనిలోకి సందర్శకులను పంపరు. యార్డుల్లోకైనా తెలిసినవాళ్ల ద్వారా ముందే అనుమతి అడగాలి. కడపలో పొద్దున ఆరులోపు బస్సెక్కితే తొమ్మిది లోపల అక్కడుంటారు, ఎండ ముదరకముందే తిరిగి రావచ్చు. ముక్కుకు కట్టుకోవడానికి మంచి నూలు తువ్వాలు ఒకటి తప్పకుండా తీసుకెళ్లండి. రమీజా వాళ్ల యార్డులో పైపు చివరి దాకా నడిచేవాళ్లయితే మాత్రం, దాన్ని ముక్కుకు కట్టుకోకుండా పొడిగా దాచుకోండి. తల తుడుచుకోవడానికి కావాలి.